గోలీల అవ్వ త్రాసు

ఆ ఇంటితో పాటు పోయినవి ఇవి. రెండు రెక్కల టేకు తలుపు ఒకటి. వీధి వైపు కిటికీలు ఐదు, వాటిలో అద్దాలున్నవి రెండే. పెరట్లో బావి, దాని గిలక. ఇంటి ముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా షాబాదు బండలు పరిచిన అరుగు. ఆ అరుగు మీదా, లోపలి హాల్లోనూ పడుకునే మనుషులు ఎండాకాలంలో పాతికమంది, వానలు పడితే నలభైకి దగ్గర. ఈ అంకె ఒక్కటి నేను గట్టిగా చెప్పలేను, వాళ్లు ఎప్పుడూ కుదురుగా ఒకచోట ఉండేవాళ్లు కారు. వాళ్లు కప్పుకునే గోనెపట్టాలు. ఒక కుంటి పిల్లి. వంటింటి గూట్లో కంసాలులు వాడే చిన్న ఇత్తడి త్రాసు, దాని ఒక పళ్లెంలో నాలుగు గురిగింజలు. ఒక కొడుకు. ఒక తల్లి. తల్లిని పోయినవాటిలో రాయవచ్చో లేదో నాకు తెలియదు. ఆమె చనిపోయిందని ఎవరూ వచ్చి చెప్పలేదు. మా రెజిమెంటల్ బజార్‌లో మళ్లీ కనబడలేదు, అంతవరకే తెలుసు.

ఇన్నేళ్ల తరువాత ఈ పద్దు మళ్లీ వేసుకోవలసి వచ్చింది మా వీధి కంసాలి వల్ల. తులాలు, గురిగింజలు ఇక చెల్లవని, బంగారం గ్రాముల్లోనే తూచాలని సర్కారు చెప్పాక అతను ఒక రేకు డబ్బా పట్టుకుని మా కట్టెల అడితికి వచ్చాడు. నేనక్కడ గుమాస్తాను. బడిలో మూడో తరగతి దాటలేదు, లెక్కలన్నీ కాటా పక్కన నిలబడి నేర్చుకున్నవే. కానీ నిజాం హాలీ రూపాయిని ఇండియా కల్దారు రూపాయిలోకి మార్చుకోవలసిన రోజుల నుంచీ బజారులో ఎవరికి ఏ మారకం లెక్క అవసరమైనా నా దగ్గరికే వస్తారు. కంసాలి డబ్బా వంచి నా అరచేతిలో గింజలు పోశాడు.

“గుమాస్తా సాబ్, గీ ఒక్క గింజకు ఎన్ని గ్రాములైతయో జెర చెప్పున్రి” అన్నాడు.

ఎర్రటి గింజలు, ఒక్కొక్కదానికి ఒక నల్లటి కన్ను. అవి చేతిలో పడగానే నాలుక చివరిదాకా వచ్చిన అంకె పోయింది. రేపు చెబుతానని అతన్ని పంపించి, డబ్బా మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆమె పేరు నాకు తెలియదు. బజారంతా గోలీల అవ్వ అనేది. అవ్వ అన్నారే గానీ ముసలిది కాదు, యాభై దాటి ఉంటుంది. పొట్టి మనిషి, ముందుకు వంగి గబగబా నడిచేది. మెదక్ వైపు పల్లె నుంచి ఆ ఇంట్లో వంటకు వచ్చింది. పోలీసు యాక్షన్‌కు కొద్ది నెలల ముందు ఇంటి యజమాని కుటుంబంతో సహా ఊరు విడిచి వెళ్తూ తాళంచెవులు ఆమె చేతిలో పెట్టి, మేము తిరిగి వచ్చేదాకా చూసుకో అన్నాడు. వాళ్లు రాలేదు. ఆమె చూసుకుంది.

ఎవరైనా పోట్లాటకు వస్తే ఆమె గడప దాటి పూర్తిగా బయటికి వచ్చేది కాదు. ఒక కాలు గడపకు లోపల, ఒక కాలు అరుగు మీద. అట్లా నిలబడే ఎదుటివాళ్లు అలిసిపోయేదాకా వినేది. చివరకు “చూద్దాం తీయ్ బిడ్డా” అనేది. కాదు అనే మాట ఆమె నోట నేను వినలేదు. ఇంట్లో చోటు అడిగినా అంతే, ఇంట్లోంచి ఫలానావాణ్ని తరిమెయ్యమని అడిగినా అంతే.

చోటు అడగడానికి వచ్చేవాళ్లను ఆమె రెండే ప్రశ్నలు అడిగేది. తిన్నావా, దగ్గుందా. తినకపోతే జొన్న గటక, దగ్గుంటే అరుగు చివర బావి వైపు చోటు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎందుకు వచ్చావు అని ఆమె అడగదు, ఎవరినీ అడగనివ్వదు. ముందు రజాకార్ల భయంతో పల్లెలు వదిలినవాళ్లు వచ్చారు. మిలటరీ వచ్చాక ఇంకో రకం వాళ్లు వచ్చారు, వాళ్లవీ కాలిన ఇళ్లే. భువనగిరి వైపు రైతు ఒకడు, బీదర్ నుంచి వచ్చిన ముసలి దర్జీ ఒకడు ఒకే గోనెపట్టా కింద పడుకునేవాళ్లు. ఎవరి ఇల్లు ఎవరు కాల్చారో వాళ్ల మధ్య ఎప్పుడైనా మాట వచ్చిందో లేదో నాకు తెలియదు. పొద్దున ఇద్దరూ కలిసి మా అడితికి కట్టెలు కొట్టడానికి వచ్చేవాళ్లు. దర్జీకి గొడ్డలి పట్టడం రాదు, రైతు కొట్టినవి పేర్చేవాడు.

వాళ్ల వల్ల బజారుకు ఇబ్బంది లేదు. అరుగు ఉందని తెలిశాక నల్లమందు తినేవాళ్లు చేరారు, అప్పుడు మొదలైంది. వీధి మొదట్లో సర్కారు లైసెన్సు నల్లమందు దుకాణం ఉండేది. దాని మీద ఎవరూ ఎన్నడూ ఫిర్యాదు చెయ్యలేదు, బోర్డు ఉంది, పద్ధతిగా వ్యాపారం జరుగుతుంది. అక్కడ కొని తిన్నవాళ్లు ఎక్కడ పడిపోతారన్నదే మా తక్లీఫ్. కాలువ గట్టున పడిపోయేవాళ్లు, శెట్టి గారి గిన్నెల దుకాణం మెట్ల మీద పడిపోయేవాళ్లు. అవ్వ వాళ్లను రెక్క పట్టుకుని లేపి తన అరుగు మీదికి తెచ్చుకునేది. వాళ్ల కూలి డబ్బులు తనే తీసుకుని, తనే దుకాణానికి పోయి మందు కొని, దీపాలు పెట్టే వేళకు అరుగు మీద వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికి వాళ్ల కొలత ప్రకారం గోలీ ఇచ్చేది. చేతికిస్తే మూడు రోజులది ఒక్కరోజే తింటారట. వీధిలో అందరూ చూస్తుండగా జరిగేది ఇది. చూసేవాళ్లకు మాత్రం ఆడమనిషి నల్లమందు పంచుతున్నట్టే ఉంటుంది. గోలీల అవ్వ అన్న పేరు అట్లా వచ్చింది.

దొంగతనాలూ జరిగేవి, కాదనను. శెట్టి గారి దుకాణంలో చెంబులు పోయాయి. చర్చి బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ గారింట్లో స్నానాల నీళ్లు కాచే రాగి కాగు పోయింది. టీచరమ్మ గారిది గుంటూరు వైపు. భర్త పోయాక కూతుర్ని తీసుకుని ఉద్యోగం కోసం ఇంత దూరం వచ్చినావిడ. ఆ కాగు ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చింది. ఆమె అరుగు దగ్గరికి వెళ్లి గట్టిగా అరవలేదు, నిలబడి ఏడ్చారు. అవ్వ ఆ పూట “చూద్దాం తీయ్” అనలేదు. ఇంట్లో ఉన్న మగవాళ్లందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి కుడి అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రాగి మోసిన చేయి చెమట పడితే వాసన వస్తుందట, రెండు మూడు పూటలు పోదట. తొమ్మిదో పదో చేయి దగ్గర ఆగింది. వాడు ఏమీ అనకముందే ఏడవడం మొదలుపెట్టాడు. మోండా మార్కెట్లో ఎవరికి అమ్మాడో చెప్పాడు. సాయంత్రానికి అవ్వ కాగును నెత్తిన పెట్టుకుని వచ్చి, టీచరమ్మ గారి వాకిట్లో కూర్చుని, చింతపండుతో తళతళలాడేదాకా తోమి ఇచ్చింది.

టీచరమ్మ గారు కాగు తీసుకుని, “మీరు మంచివారేనండీ. కానీ మీ మంచితనం మా గుమ్మం ముందు పడుకుంటోంది, నేనేం చెయ్యను?” అన్నారు.

అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, “అవు బిడ్డా, నీకూ పిల్ల ఉన్నది” అంది.

అవ్వకు ఉన్నది ఒక్కడే కొడుకు, యాదగిరి. తిరుమలగిరిలో మిలటరీ గుర్రాల దగ్గర సైసు పని చేసేవాడు. ఒక గుర్రం తుంటి మీద తన్నింది. నొప్పికి ఎవరో నల్లమందు అలవాటు చేశారు. నొప్పి తగ్గింది, మందు మిగిలింది. ఉద్యోగం పోయింది. పని లేక తల్లి దగ్గరికి వచ్చి, అరుగు మీద అందరితో పాటు గోలీకి చేయి చాపేవాడు. ఒకసారి ఆమె పంతం పట్టి మందు ఆపేసిందట. రెండు రోజులు గోడకు తల బాదుకుని, మూడో రోజు స్టేషన్ అవతల రైలు పట్టాల మీద పడుకున్నాడు. గ్యాంగుమెన్ తెచ్చి అప్పగించారు. ఆ తరువాత ఆమె వాడికి ఎదురుగా ఎప్పుడూ కాదనలేదు.

ఇదంతా ఆమె నాకు చెప్పింది ఒక మధ్యాహ్నం. అడితిలో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చి, కట్టెలు తూచే పెద్ద కాటా పళ్లెం మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి నా ముందు గురిగింజలు పోసింది.

“ఇవి ఇరవై. నా యాదిగాడు రోజూ తినేది గింత ఎత్తు. ఇందుల ఒక్కటి సుత మిగలకుంట కావాలె. కానీ వానికి ఎర్క కావద్దు. గుమాస్తా బిడ్డా, గట్ల లెక్క ఉంటదా?”

ఉంటుందన్నాను. అమావాస్యకొకటి, పున్నమికొకటి తీసెయ్యమన్నాను. పక్షానికి ఒక గింజ తగ్గితే ఒళ్లు పెద్దగా కనిపెట్టదు. తగ్గిన మేరకు గోలీ చిన్నదైతే మాత్రం కన్ను కనిపెడుతుంది. దానికి ఉపాయం ఆమే చెప్పింది. మినప్పిండి, నల్లబెల్లం కలిపి గోలీని ఎప్పటంతే చేస్తానంది. చేదు తగ్గకుండా వేపాకు నూరి కలుపుతానంది. చివరి నాలుగు గింజల దగ్గర నేను ఆపాను. ఇరవైలో ఒకటి తియ్యడం వేరు, నాలుగులో ఒకటి తియ్యడం వేరు, అక్కడి నుంచి నెలకొకటి చొప్పున మెల్లగా తియ్యాలి అన్నాను. చదువుకున్నవాళ్లకు కూడా ఈ తేడా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టేది. ఆమె వెంటనే తలూపింది.

“అవు. ఇరవై మంది పంక్తిల ఒకడు లేసిపోతే ఎవ్వనికి తెల్వది. నలుగురు తింటుంటే ఒకడు లేస్తే తెలుస్తది” అంది.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండాలని నా చేత ఒట్టు వేయించుకుంది. వాడికి తెలిస్తే ఆ పూట నుంచే ఒళ్లు నొప్పులు షురూ అయితాయి, వానికి సగం మందు నమ్మకమే అంది. వీడు గట్టెక్కితే మిగిలినవాళ్లను కూడా ఇట్లాగే ఒక్కొక్కణ్ని గట్టెక్కిస్తానంది. కంసాలి దగ్గర పాత త్రాసు ఒకటి అడిగి తెచ్చుకుంది. ఇరవై గింజలూ పళ్లెంలో పెట్టింది. పక్షం పక్షానికి ఒకటి తీసి కొంగున కట్టుకునేది.

ఆ ఎనిమిది నెలలూ యాదగిరి మారడం నేను అడితిలో కూర్చుని చూశాను. మొదట్లో వచ్చి దుంగల మీద కూర్చుని నిద్రపోయేవాడు. తరువాత గొడ్డలి అందుకున్నాడు. మొదట గంట, తరువాత పూట. గడ్డం గీయించుకున్నాడు. ఆకలవుతోందని మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తేవాడు, కుంటి నడక మాత్రం పోలేదు. మాట కూడా వచ్చింది. తామున్న ఇంటిని టికెట్ లేనోళ్ల వెయిటింగ్ రూమ్ అని నవ్వేవాడు. దర్జీని పట్టుకుని, “తాతా, నువ్వు కట్టె కొడ్తే కట్టెకే జాలి పుడ్తది, సూది తెచ్చియ్యాల్నా?” అనేవాడు. ముసలాయన ఉర్దూలో ఏదో తిట్టేవాడు, వీడు ఇంకా నవ్వేవాడు.

ఒకరోజు చెమట తుడుచుకుంటూ నాతో అన్నాడు, “గుమాస్తా సాబ్, మందును లొంగదీసిన నేను. ఇంతకుముందు గదే గోలీ ఏస్కుంటే గూలబడేటోన్ని. ఇప్పుడు ఏస్కొని తెల్లారి బండెడు కట్టె కొడుతున్న. ఇరవై గింజలు తిని పని చేసేటోడు బజార్ల నేనొక్కన్నే.”

సాయంత్రం ఆ మాట అవ్వకు చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆరోజు వాడు తింటున్నది ఏడు గింజలు. నేనూ నవ్వాను. వాడి మాటలో ఉన్న ప్రమాదం మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. తగ్గడం మంచిదన్న లెక్క ఒక్కటే మాకు తెలుసు.

నాలుగు గింజల దగ్గరికి వచ్చిన పక్షంలోనే టీచరమ్మ గారి వంటింట్లో ఆ సంగతి జరిగింది. కొత్తగా వచ్చి చేరినవాడొకడు సాయంత్రం మత్తులో ఇల్లు పోల్చుకోలేక ఆమె పెరటి తలుపు తోసుకుని వెళ్లి, పొయ్యి పక్కన పడుకున్నాడు. తల్లి బడి నుంచి రాలేదు. పిల్ల ఒక్కతే ఉంది. వాడు ఆ పిల్లను ఏమీ అనలేదు, అనే తెలివిలో లేడు. కానీ ఆ పిల్ల పొయ్యి మీద అన్నం మాడిపోతుంటే మూలన నిలబడి, తల్లి వచ్చేదాకా కదలలేదు. తరువాత చాలా రోజులు వంటింట్లో అడుగు పెట్టలేదు. టీచరమ్మ గారు బజారుకు చెప్పుకున్నారు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని.

శెట్టి గారి దుకాణం ముందు బజారు కూడింది. ఇంటి యజమాని వెళ్లిపోయాడు కాబట్టి అది సర్కారు స్వాధీనం చేసుకోవలసిన ఇల్లని, ఆడమనిషి లైసెన్సు లేకుండా నల్లమందు పంచుతోందని పోలీసు అమీన్ సాబ్‌కు దరఖాస్తు పెట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. నేను లేచి నాలుగు నెలలు ఆగమన్నాను.

“నాలుగు నెలల లెక్కేంది గుమాస్తా? నీకు కట్టెలు కొట్టెటోళ్లు కరువైతరనా?” అన్నారు శెట్టి గారు. కొందరు నవ్వారు.

ఆమె కొడుకు ఆ అలవాటు నుంచి బయటపడుతున్నాడు, నాలుగు నెలల్లో పూర్తిగా బయటపడతాడు అన్నాను. అప్పుడు టీచరమ్మ గారు నెమ్మదిగా అడిగారు.

“రోజూ సాయంత్రం అదే ఉండ మింగుతున్నాడు కదండీ. నా కళ్లతో చూస్తున్నాను. ఇసుమంత కూడా తగ్గలేదు. మీరు ఏ లెక్కన బయటపడుతున్నాడంటున్నారో చెప్పండి, నేను వింటాను.”

ఆమె నిజంగానే వినేవారు. చెప్పవలసిన జవాబు ఒక్క ముక్క. కానీ గుంపు వెనక దీపస్తంభానికి ఆనుకుని యాదగిరి నిలబడి ఉన్నాడు. తల్లి తరఫున మాట్లాడటానికి శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చాడు. గోలీలో ఉన్నది నాలుగు గింజలే అని నేను ఆ వీధిలో అంటే, ఆ ఎనిమిది నెలలూ అక్కడే నేలపాలవుతాయి. రైలు పట్టాలు అక్కడికి ఎంతో దూరం లేవు. నేను కూర్చున్నాను. వాడు ముందుకు వచ్చి, మా అవ్వ ఎవ్వనికి కీడు చెయ్యలేదు, జెర ఆలోచించున్రి అని రెండు చేతులూ జోడించాడు. ఎవరూ వాణ్ని కసురుకోలేదు. దరఖాస్తు మాత్రం వెళ్లింది.

ఆ సాయంత్రమే నేను టీచరమ్మ గారింటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఒట్టు ఆమెతోనూ వేయించుకుని.  మర్నాడు ఆమె బడికి సెలవు పెట్టి చౌకీకి వెళ్లి, దరఖాస్తు వెనక్కి ఇమ్మని అమీన్ సాబ్‌ను అడిగారు. కాగితం పైకి పోయింది, ఇక నా చేతిలో లేదు అన్నాడట.

వారం తిరగకుండా పోలీసులు వచ్చారు. అరుగు మీదివాళ్లు గోనెపట్టాలు చుట్టుకుని ఎవరి దారిన వాళ్లు కదిలారు. అట్లా కదలడం వాళ్లకు కొత్త కాదు, పది నిమిషాలు కూడా పట్టలేదు. రైతూ దర్జీ కలిసే వెళ్లారు. వంటింట్లో దొరికిన గోలీలను సాక్ష్యం కింద గుడ్డలో కట్టారు. తలుపుకు తాళం వేసి లక్క సీలు వేశారు. అవ్వను చౌకీకి నడిపించుకుని పోయారు. పోతూ ఆమె నా వైపు చూసి, “త్రాసు లోపలనే ఉన్నది బిడ్డా” అంది. అంతే అంది. నేను తల ఊపాను.

ఆమెను రెండు రోజులు ఉంచుకున్నారు. మొదటి రోజు యాదగిరి అరుగు మీదే కూర్చున్నాడు. సాయంత్రం గోలీ వేళకు లేచి అటూ ఇటూ తిరిగాడు. నాలుగు గింజలే అయినా ఒంటికి అవి కావాలి. అడితికి రమ్మంటే వచ్చాడు, చేతులు వణుకుతున్నాయని గొడ్డలి పెట్టేశాడు. మా ఇంట్లో పడుకోమంటే తల్లి వస్తే వెతుక్కుంటుందని ఆ సీలు వేసిన తలుపు దగ్గరికే పోయాడు.

రెండో రోజు పొద్దున వాడు నల్లమందు దుకాణానికి వెళ్లాడు. ఎన్నాళ్లకు వచ్చినవ్, ఎంతియ్యమంటవ్ అని దుకాణదారు అడిగాడట. “ఎప్పటిదే. ఇరవై గింజల ఎత్తు” అన్నాడట. దుకాణదారు సరిగ్గా తూచి ఇచ్చాడు. ఒక గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు, కల్తీ లేదు. వాడు దాన్ని చేత్తో ఉండ చేసుకున్నాడు. తల్లి ఇచ్చే గోలీ ఎంతో అంతే ఉంది. పక్క హోటల్లో చాయ్ తాగుతూ మింగి, వచ్చి తలుపుకు వీపు ఆనించి కూర్చుని, తరువాత బండల మీద వాలిపోయాడు.

పట్టపగలు, బజారంతా నడుస్తున్న వేళ. గురక శెట్టి గారి దుకాణం దాకా వినబడిందన్నారు. ఆ అరుగు మీద మనుషులు పడుకుని ఉండటం మా కళ్లకు అలవాటే. పొద్దుటి నుంచి అటు నడిచినవాళ్లు ఎంతమందో, అందులో నేనూ ఉన్నాను, రెండుసార్లు. నిద్ర పట్టింది, మంచిదే అనుకున్నాను. మధ్యాహ్నానికి గురక ఆగింది. లేచాడనుకున్నారు. బడి నుంచి వస్తున్న టీచరమ్మ గారు దగ్గరికి వెళ్లి చూశారు. ఇంట్లోంచి తెల్లటి దుప్పటి తెచ్చి మెడదాకా కప్పారు. ముఖం మీదికి లాగడానికి చేతులు రాక, నన్ను పిలవమని మనిషిని పంపారు.

పొద్దు వాలుతుండగా అవ్వను విడిచిపెట్టారు. ఆమెకు ఎవరూ కబురు చెప్పలేదు. ఎప్పటిలాగే ముందుకు వంగి గబగబా వచ్చింది. జనం పక్కకు జరిగారు. దుప్పటి చూసింది. ఏడవలేదు. పక్కన చతికిలబడి కొడుకు కుడిచేయి బయటికి తీసి, అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎంతసేపు అట్లా వాసన చూసిందో. తరువాత నన్ను వెతికి చూసింది.

“వేపాకు వాసన లేదు గుమాస్తా” అంది.

నేను ఆమె దగ్గరికి వెళ్లాను.

“దుకాణపుది తిన్నడు. ఎంత తిన్నడు?”

“ఇరవై, అవ్వా.”

ఆమె ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే సాపు చేసింది. గొడ్డలి పట్టి కాయలు కాచిన చేయి.

“లెక్క తప్పిందా బిడ్డా?”

“లేదవ్వా. లెక్క తప్పలేదు.”

“మరి ఎన్ని మిగిలినయ్?”

“నాలుగు.”

“నాలుగే” అంది. ఏదో చేతికి అందబోయినట్టు, అందితే ఎట్లా ఉంటుందో చూస్తున్నట్టు అంది.

టీచరమ్మ గారు ఆమె పక్కన బండ మీద కూర్చున్నారు. శెట్టి గారు దుకాణం మూసి, కర్మకు కావలసినవి తన ఖర్చుతో తెప్పించారు. కట్టెలు మా అడితి నుంచి నేను తూచాను. వాడు కొట్టి పేర్చిన వరసలోంచే తీశాను, ఎండినవి అవే ఉన్నాయి.

అవ్వ ఆ తరువాత కొన్నాళ్లు సీలు వేసిన తలుపు ముందే ఉంది. గోలీలు అడగడానికి పాతవాళ్లు ఒకరిద్దరు వచ్చేవాళ్లు. ఆమె వాళ్లను రెండు ప్రశ్నలూ అడిగేది కాదు. నేను వెళ్తే కొంగు ముడి విప్పి తీసేసిన పదహారు గింజలూ బండ మీద పోసి, ఒకటొకటిగా జరుపుతూ కూర్చునేది. మిగిలిన నాలుగు లోపల పళ్లెంలో ఉన్నాయి, సీలు తీసినప్పుడు తెచ్చి ఇమ్మని ఒక్కసారి అడిగింది. ఇస్తానన్నాను. ఒక పొద్దున అరుగు ఖాళీగా ఉంది. బేగంపేట వైపు నడిచి వెళ్లిందని ఒకరు, స్టేషన్‌లో కనబడిందని ఒకరు అన్నారు. నేను రెండు దిక్కులా వెతికాను. సీలు తీసిన రోజున నేను వెళ్లేసరికి సర్కారు మనుషులు సామాను వేలం వేసి, పనికిరానిది ఊడ్చి పారేశారు. గూడు ఖాళీగా ఉంది. తరువాత ఇల్లూ కూల్చారు. ఇప్పుడక్కడ టైర్ల గోదాము ఉంది.

కంసాలి గింజలు తెచ్చిన మర్నాడు అతనికి లెక్క కట్టి ఇచ్చాను. గింజకు గ్రాములో ఎనిమిదో వంతు కంటే కొంచెం తక్కువ. అతను డబ్బా తీసుకుంటూ, పిల్లలు ఆడుకోవడానికి కావాలా అని అడిగాడు. వద్దన్నాను. అతను వెళ్లాక ఆ కాగితం వెనకే ఇంకో లెక్క వేసుకున్నాను. అవ్వ తియ్యవలసినవి ఇరవై, తీసినవి పదహారు. మిగిలింది గ్రాముల్లో అయితే అర గ్రాముకు కొంచెం తక్కువ, గింజల్లో అయితే ఇప్పటికీ నాలుగు.